10,00,001 ప్రధాన సంఖ్య కాదు

అంబాజీపేట మిత్రులకు నమస్కారం. 10,00,001 కొబ్బరికాయలను ఒక్కటీ మిగలకుండా సమాన రాశులుగా పోయవచ్చునా అని అడుగుతూ, 13 వరకు ఏ ప్రధాన సంఖ్యతోనూ భాగం పోలేదు కనుక ఇది ప్రధాన సంఖ్యే కావచ్చునని మీరు వ్రాశారు. అక్కడే ఆగిపోకండి. ఇది 100 ఘనానికి 1 ఘనాన్ని కలిపితే వచ్చిన సంఖ్య. రెండు ఘనాల మొత్తం ఆ రెండు సంఖ్యల మొత్తంతో తప్పక నిశ్శేషంగా భాగింపబడుతుంది గనుక, 101 దీనికి కారణాంకం. భాగఫలం 100 వర్గంలోంచి 100 తీసి 1 కలిపితే వచ్చే 9,901. సరిచూసుకోవాలంటే కుడి నుంచి రెండేసి అంకెలుగా విడదీసి, 01లోంచి 00 తీసి, 00 కలిపి, 1 తీయండి, సున్న వస్తుంది. 101కి ఇంతకన్న చక్కని పరీక్ష నాకు కనబడలేదు. 9,901 మాత్రం ప్రధాన సంఖ్యే. 100 వర్గం దానిని దాటుతుంది కాబట్టి 97 వరకు పరీక్షిస్తే చాలు. కాబట్టి 101 కాయల చొప్పున 9,901 రాశులు, లేదా 9,901 కాయల చొప్పున 101 రాశులు పోయవచ్చు.