ఏడో తరగతి గణితం మీద పరిశోధన చేయబోతున్న అమ్మాయికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీవు పంపిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక సారాంశం) శ్రద్ధగా చదివాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

"చెన్నై నగర ఉన్నత ప్రాథమిక విద్యార్థుల గణిత సాధనపై కృత్యాధార బోధన ప్రభావం" అని, అంటే పిల్లల చేత పనులు చేయిస్తూ నేర్పితే లెక్కలు ఎంత బాగా వస్తాయో చూస్తానని, శీర్షిక పెట్టావు. ఊరి పేరు, సబ్జెక్టు పేరు మార్చుకుని ఇదే శీర్షికతో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు మన శిక్షణ కళాశాలల బీరువాల్లో వరుసగా కనిపిస్తాయి. నేను చదివిన వాటిలో ఎక్కువ భాగం ఒకే ఫలితం దగ్గర ఆగుతాయి: ప్రాయోగిక సమూహం (కొత్త పద్ధతిలో నేర్చిన పిల్లలు) సగటు పెరిగింది, పరికల్పన (ముందుగా ఊహించిన మాట) నిలిచింది. రాసినవారు అబద్ధమాడారని నేననను. అయితే ఆ పెరిగినది ఏమిటో, ఏ పిల్లల్లో పెరిగిందో, ఎందుకు పెరిగిందో ఆ పుటల్లో దొరకదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నీవు ఆ వరుసలో మరొకటి చేర్చడానికి నాలుగైదేళ్ల శ్రమ పడనక్కరలేదు. అందుకే పద్ధతులను పోల్చే ఆలోచన కొంతకాలం పక్కన పెట్టి, మీ బడిలో ఏడో తరగతి పిల్లవాడు లెక్క తప్పు చేసినప్పుడు సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో ముందు కనుక్కో. పద్ధతి పనిచేసిందా లేదా అన్న ప్రశ్నకు ఆ తరువాతే అర్థం వస్తుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇది మరీ అవసరం. వేర్వేరు ప్రాథమిక బడుల నుంచి, వేర్వేరు మాధ్యమాల నుంచి వచ్చిన పిల్లలు ఆరో తరగతిలో ఒక గదిలో కూర్చుంటారు. పాఠ్యపుస్తకం మాత్రం అందరూ ఐదో తరగతి పూర్తిగా వచ్చినవారే అనుకుని మొదలవుతుంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ కలిసి ఢిల్లీలో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల పిల్లలు 619 మందిపై చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం చూడు. వారి నమూనాలో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు, పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరిగింది. ఎవరి స్థాయికి తగిన లెక్కలు వారికి ఇచ్చే కంప్యూటర్ అభ్యాసమూ, చిన్న బృందాల బోధనా కలిపి నాలుగున్నర నెలలు నడిపితే, లాటరీలో అవకాశం వచ్చిన పిల్లలు రానివారికంటే గణితంలో 0.37 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందుకు వచ్చారు. ఆ అంకెకంటే నీకు పనికొచ్చేది, ప్రతి పిల్లవాడు ఎక్కడున్నాడో వారు ముందుగా నిర్ధారించుకున్న తీరు. నీ సినాప్సిస్‌లో ఆ మెట్టే లేదు.

మరొక చిన్న విషయం. సమస్య తీవ్రతను చూపడానికి పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే నివేదికను ఉదహరించావు. 2022లో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సుమారు 45 శాతమే అన్న మాట నిజమే, కానీ అసర్ గ్రామీణ జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే. చెన్నై నగరం గురించి అది ఏమీ చెప్పదు. వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) ఎవరైనా ఇదే అడిగితే నీ మొదటి అధ్యాయమే కూలుతుంది. ఆ వాక్యం తీసివెయ్యి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ ఆరో తరగతి పిల్లల మీద పనిచేసి 1977లో ప్రచురించిన పద్ధతి ఒకటి ఉంది. మాటల రూపంలో ఉన్న లెక్కకు జవాబు రావాలంటే పిల్లవాడు ఐదు మెట్లు దాటాలి: ప్రశ్నను చదవాలి, అది ఏమడుగుతున్నదో గ్రహించాలి, ఏ ప్రక్రియ చేయాలో నిర్ణయించుకోవాలి, ఆ ప్రక్రియను తప్పు లేకుండా చేయాలి, వచ్చిన జవాబును సరైన రూపంలో రాయాలి. తప్పు చేసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అదే లెక్క మళ్లీ ఇచ్చి, "చదువు, ఏమడిగారో చెప్పు, ఎలా చేస్తావో చెప్పు, చేస్తూ పైకి చెప్పు, జవాబు రాయి" అని వరుసగా అడగడమే ఆ పద్ధతి. వెనుకబడిన పిల్లల తప్పుల్లో దాదాపు సగం నాలుగో మెట్టుకు చేరకముందే జరుగుతున్నాయని ఆమె చూపింది. అంటే గుణకార భాగహారాల దాకా వాళ్లు వెళ్లనే లేదు. అలాంటి పిల్లలకు పూసలూ కాగితపు ముక్కలూ ఇచ్చి భాగహారం నేర్పి, సగటు పెరగలేదనో పెరిగిందనో రాస్తే ఎవరికి ఉపయోగం?

ఉదాహరణకు "ఒక ఇంట్లో రోజుకు 3/4 లీటరు పాలు వాడితే 6 లీటర్ల పాలు ఎన్ని రోజులు వస్తాయి?" అన్న లెక్క తీసుకో. ఒక పిల్ల 6ను 3/4తో గుణించి నాలుగున్నర అని రాస్తుంది. ఆమెకు భిన్నాల గుణకారం చక్కగా వచ్చు, ప్రశ్న చదవడమూ వచ్చు. తడబడినది మూడో మెట్టు దగ్గర. ఇంకొకడు భాగించాలని గ్రహించి, 3/4ను తలకిందులు చేయడం మరిచి అదే నాలుగున్నర తెస్తాడు. జవాబు పత్రం మీద ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ సున్నా. వారికి కావలసిన బోధన మాత్రం ఒకటి కాదు.

మన పిల్లల దగ్గర మొదటి రెండు మెట్లే ఎక్కువ చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయినందువల్ల, తెలుగు కుటుంబాల పిల్లల్లో చాలామందికి ఈరోజు తమిళం చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడం వచ్చు, తెలుగు చదవడం మాత్రం రాదు. నీవు పరీక్షను "మాతృభాషలో కూడా" ఇస్తానని రాశావు. తెలుగులో అచ్చువేసి ఇస్తే ఈ పిల్లలకు అది మరో అడ్డంకి అవుతుంది. నీవు నోటితో చదివి వినిపిస్తేనే అది మాతృభాషలో పరీక్ష. కాబట్టి ప్రతి పిల్లవాడు ఏ భాషలో మాట్లాడతాడు, ఏ భాషలో చదవగలడు, ఏ భాషలో లెక్క పైకి చెబుతాడు అన్న మూడు విషయాలు వేర్వేరుగా నమోదు చెయ్యి. "మాతృభాష: తెలుగు" అని ఒక్క గడి పెట్టి ఊరుకోవద్దు.

భిన్నాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో మూడింట రెండు అంటాం, తమిళంలోనూ మూండ్రిల్ ఇరండు అంటారు. రెండింటిలోనూ హారం ముందు వినబడుతుంది. ఇంగ్లీషులో టూ బై త్రీ అన్నప్పుడు లవం ముందు వస్తుంది. నోటితో విన్న భిన్నాన్ని 3/2 అని రాసిన పిల్లవాడికి భిన్నమే తెలియదా, విన్న వరుసలో రాశాడా అన్నది ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. ఇలాంటి తప్పులు మీ బడిలో ఎంతమేర ఉన్నాయో చూస్తే అదే ఒక అధ్యాయానికి సరిపోతుంది, ఈ ఊళ్లో పాఠం చెప్పే ఎందరికో పనికొస్తుంది.

పరీక్ష తయారుచేసేటప్పుడు బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబులను ఊరికే నింపవద్దు. "0.35, 0.4, 0.125 లలో ఏది పెద్దది?" అంటే 0.125 ఎంచుకున్నవాడు దశాంశ బిందువు తరువాతి అంకెలను పూర్ణాంకంగా, నూట ఇరవై ఐదుగా చదువుతున్నాడు. ప్రతి తప్పు జవాబు వెనుకా ఇలాంటి ఒక ఆలోచన ఉండాలి. ముందు మరో బడిలో ప్రయోగాత్మకంగా ఇచ్చి, అందరూ చేసేసిన ప్రశ్నలనూ ఎవరూ చేయలేని ప్రశ్నలనూ తీసివెయ్యి. నీవే తయారుచేసి, నీవు చెప్పిన పాఠానికి దగ్గరగా ఉన్న పరీక్షలో ఫలితం ఎప్పుడూ పెద్దదిగానే కనబడుతుంది, దానికి పొంగిపోవద్దు. ఆరు వారాల తరువాత చెప్పకుండా మళ్లీ పెట్టు. అప్పుడు నిలిచినదాన్నే నేను అభ్యసనం అంటాను.

పోలిక చేసే తీరాలని నీ గైడ్ పట్టుబడితే, 'ఎ' సెక్షన్‌కు ఒక పద్ధతి, 'బి' సెక్షన్‌కు మరో పద్ధతి అని మాత్రం చేయకు. ఈ నగరంలో సెక్షన్లు చీటీలు తీసి ఏర్పడవు. ఒకటి ఇంగ్లీషు మాధ్యమం, ఒకటి తమిళ మాధ్యమం కావచ్చు, లేదా మార్కుల వరుసలో విడదీసినవి కావచ్చు. పైగా సెక్షన్‌కు నలభైమంది ఉన్నంత మాత్రాన నీకు ఎనభై స్వతంత్ర సాక్ష్యాలు దొరికినట్టు కాదు. ఒకే గది, ఒకే టీచరు, ఒకే పీరియడ్ పంచుకునే పిల్లల మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. టి-టెస్ట్ (రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే గణాంక పరీక్ష) ఆ ముడిని చూడదు కనుక లేని నిశ్చయాన్ని ఇస్తుంది. దానికి బదులు, భిన్నాలు 'ఎ' సెక్షన్‌కు కృత్యాలతో, 'బి' సెక్షన్‌కు మామూలుగా చెప్పు. దశాంశాలకు వచ్చేసరికి తారుమారు చెయ్యి. రెండుసార్లూ కృత్యాల పక్షమే ముందుంటే సెక్షన్ల తేడా అన్న అనుమానం చాలావరకు తగ్గుతుంది. జవాబు పత్రాల మీద పేరు, సెక్షన్ కప్పి వేరే టీచరు చేత దిద్దించు, ఎందుకంటే కొత్త పద్ధతి గెలవాలని నీ మనసులో ఉంటుంది, అందులో తప్పేమీ లేదు.

మరి రెండు జాగ్రత్తలు. తక్కువ మార్కులు వచ్చినవారినే ఎంపిక చేసి మళ్లీ పరీక్షిస్తే, ఏ బోధనా లేకపోయినా వారి సగటు కొంత పెరుగుతుంది. మొదటి రోజు జ్వరంతోనో దిగులుతోనో రాసినవాళ్లు కొందరు ఆ జాబితాలో ఉంటారు కదా. రెండవది, చివరి పరీక్షకు రానివారి లెక్క. తరచుగా మానేసేవాళ్లు వెనుకబడినవారే అయితే, వాళ్లు రాకపోవడమే సగటును పెంచుతుంది. అందుకే రెండు పరీక్షలూ రాసినవారి పట్టికతో పాటు, మధ్యలో జారిపోయినవారి పూర్వ పరీక్ష మార్కులు కూడా చూపించు. సగటుతో సరిపెట్టక ఒక్కొక్క పిల్లవాడి ముందూ వెనుకా రెండు చుక్కలు గీసి గీతతో కలిపితే, ఎవరు కదిలారో ఎవరు అక్కడే ఉన్నారో కంటికి తెలుస్తుంది.

తరగతి పరిశీలనకు ఫ్లాండర్స్ పట్టిక వాడతానన్నావు. బీ.ఎడ్.లో అందరం చదివినదే: మూడు సెకన్లకొక గుర్తు, పది వర్గాలు, అందులో ఏడు టీచరు మాటలకు, రెండు పిల్లల మాటలకు, ఒకటి నిశ్శబ్దానికో గందరగోళానికో. టీచరు ఎంత మాట్లాడుతున్నాడో తెలుసుకోవడానికి ఇప్పటికీ మంచిదే. కానీ మన తరగతిలో నలభై గొంతులు ఒక్కసారిగా "ఎస్ మిస్" అంటే అది కూడా పిల్లల ప్రతిస్పందనగా నమోదవుతుంది. సామూహిక జవాబుకు వేరే గుర్తు పెట్టు, ఏ భాషలో మాట నడిచిందో చెప్పే మరో నిలువు వరుస చేర్చు. అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో కనుగొన్న విషయాన్నీ సరిచూడు: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎక్కువమంది నోరు విప్పుతారు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పవలసిన పిల్లకు ఆ మూడైనా సరిపోతాయా అన్నది ఈ ఊరికే చెందిన ప్రశ్న. మొదట నీ పాఠాన్నే ఫోనులో రికార్డు చేసుకుని విను.

కృత్యాధార బోధన గురించి రాసేటప్పుడు చెన్నై చరిత్రను వదలవద్దు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాల పద్ధతి స్ఫూర్తితో 2003లో ఎం.పి. విజయకుమార్ కమిషనరుగా ఉండగా ఇక్కడి కార్పొరేషన్ ప్రాథమిక బడుల్లో అది మొదలై, తరువాత రాష్ట్రమంతటా విస్తరించింది. పై తరగతులకు యాక్టివ్ లెర్నింగ్ మెథడాలజీ అని వేరే రూపం వచ్చింది. ఆ రోజుల్లో కొన్ని తరగతుల్లో పిల్లలందరి నోటుపుస్తకాల్లో ఒకే మైండ్ మ్యాప్ (పాఠంలోని విషయాలను గీతలతో కలిపి గీసే బొమ్మ), ఒకే రంగులతో చూశాను. బోర్డు మీదిది దించుకున్నది. పద్ధతి పేరు అదే, జరుగుతున్నది మాత్రం పాత పనే. కాబట్టి నీ తరగతిలో పద్ధతి నిజంగా ఎంతమేర జరిగిందో ప్రతి రోజూ రాసిపెట్టు, లేకపోతే దాని ప్రభావం గురించి మాట్లాడే హక్కు నీకుండదు.

అనుమతులకు కార్పొరేషన్ బడి అయితే కార్పొరేషన్ విద్యావిభాగానికి, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులైతే జిల్లా ముఖ్య విద్యాధికారికి ముందుగానే అర్జీ పెట్టుకో. తల్లిదండ్రుల సమ్మతి పత్రాన్ని వారు చదవగల భాషలో ఇవ్వు, చదవలేనివారికి చదివి వినిపించు. పిల్లల సమ్మతి కూడా విడిగా అడుగు. వారి టీచరువు కనుక నీ మాట కాదనలేరు, అందుచేత అడిగే పని మరొకరికి అప్పగించడం మేలు. పిల్లల గొంతులు ఉన్న రికార్డింగులను ఎవరి వాట్సాప్‌కూ పంపవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల సెలవులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు, ఆ నెలల్లో వారాల లెక్కన సాగే ప్రయోగం పెట్టవద్దు. జూన్ చివరి నుంచి త్రైమాసిక పరీక్షల లోపల, లేదా పొంగల్ తరువాత మార్చి లోపల పూర్తిచేసుకో.

ఇప్పటికి శీర్షిక మార్చకు, గైడ్‌తో వాదించకు. మాటల రూపంలో ఉన్న భిన్నాల లెక్కలు పది తయారుచేసి, మీ తరగతిలో ఏడెనిమిది మంది పిల్లలతో న్యూమన్ ప్రశ్నలు అడిగి, వాళ్లు అన్న మాటలు అన్నట్టే, తెలుగూ తమిళమూ ఇంగ్లీషూ కలగలిసినట్టే రాసి నాకు పంపు. అవి చూశాక మనమిద్దరం కూర్చుని శీర్షిక మాట మాట్లాడుకుందాం. ఆదివారాలు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
పెద్దమ్మ