పోయినోళ్ళు, వచ్చినోళ్ళు

హనుమకొండ

బిడ్డా,

ఇటుక బట్టీల వలస కూలీల మీద నువ్వు రాసిన డిగ్రీ ప్రాజెక్టు అందింది. 58 పేజీలు, రెండు పూటలు పట్టింది, నడుమ నడుమ కండ్లల్ల చుక్కల మందు ఏసుకుంట. కష్టపడ్డవు, బాగుంది. ఇగ అసలు సంగతికొస్త.

31వ పేజీల రాసినవు: ‘స్థానికులకు, వలస కూలీలకు మధ్య సత్సంబంధాలు నెలకొని ఉన్నాయి.’ దాని కాడ ఆగి చాయ్ చల్లారబెట్టుకున్న. ఎక్కడ నెలకొన్నయి బిడ్డా? బోరింగు కాడనా, కల్లు మండువ కాడనా? ఒడిశా ఆమె కిరాణానికొస్తే షావుకారి చిల్లర చేతిల పెట్టిండా, బల్ల మీద పెట్టిండా? అదొక్కటి చూసి రాస్తే చాలు. ‘జాతుల మధ్య సంబంధాలు’ అంటే ఏందని ఆరు పేజీల నిర్వచనాలు ఎత్తి రాసినవే, అవన్నీ తీసేయొచ్చు.

కానీ నన్ను గుచ్చింది ఆ వాక్యం కాదు. కాగితాలకు పిన్ను కొట్టిన చిట్టి. ‘నాయిన సౌదీల ఉన్నడు సార్, పైసలు ఆలస్యమైనయి, అందుకే ప్రింటు లేటైంది’ అన్నవు. మరి ఆ నాయిన ప్రాజెక్టుల ఏడి? కృతజ్ఞతల పేజీల ఉన్నడు, అంతే. ఒడిశాల బలంగీర్, నువాపడా నుంచి పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలకు వచ్చినోళ్ళ మీద పుస్తకమంత రాసినవు గని, నీ ఇంట్లకెళ్ళి పోయిన మనిషి మీద ఒక్క మాట లేదు.

మనకు రెండు మాటలున్నయి. వలస పోవుడు, వలస వచ్చుడు. పోయినోడు మనోడు. వాడు సౌదీల ఉన్నా కువైట్ల ఉన్నా ‘దుబాయ్ పోయిండు’ అని ఊరంత చెప్పుకుంటం, ఏజెంటు మోసం చేస్తే మనమే తిడతం, కంపెనీ ఇడిసి, కాగితాలు లేక ఖల్లివెల్లి అయితే మనమే ఏడుస్తం. వచ్చినోడు మాత్రం ఒరిస్సోడు, పేరు గూడ అడగం. రాసేటోడు ఏ మాట వాడిండో చూస్తే ఎక్కడ నిలబడి రాసిండో తెలుస్తది. నీ ప్రాజెక్టుల ‘వచ్చారు’ 43 సార్లున్నది. పనిలేక లెక్కవెట్టిన. బలంగీర్ దిక్కు కాంటాబాంజీ స్టేషన్ల వాళ్ళను రైలెక్కించే ముసలమ్మ ‘వచ్చిండు’ అనదు గదా.

అట్లనే ‘అడ్వాన్సు’ అన్నవు. వాళ్ళేమంటరో అడిగినవా? దాదన్. నువాఖాయి, అంటే కొత్త పంట పండుగ, అయినంక సర్దార్, అంటే కూలీల మేస్త్రి, చేతిల పెట్టే పైస. ఆ మాటనే పేరుల పెట్టుకొని 1975ల ఒడిశా ఒక చట్టం చేసింది, దాని ఎనకనే 1979ల కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. ఆ చట్టాన్ని మూడు పేజీలు దించినవు గని, దానికి ముందున్న మాటను పారేసినవు.

నక్సలైట్ల మీదికి సర్కారు అండతోని సల్వాజుడుం మొదలైనంక ఛత్తీస్‌గఢ్ల బస్తర్ నుంచి ములుగు అడవులకు దిగినోళ్ళను గుత్తికోయలు అన్నవు. అది మనం పెట్టిన పేరు. వాళ్ళల్ల చానమంది మురియాలు. మనకు గూడ ఒకలు పేరు పెట్టిండ్రు మరి. ముంబయిల కామాఠీపుర ఎవరి పేరు మీద ఉన్నది? నిజాం ఇలాఖా నుంచి కూలికి పోయిన మనోళ్ళ పేరు మీద.

భాష ఒకటైతే పరాయితనం ఉండదని గూడ రాసినవు. ఇక్కడి కొలువులు ముల్కీలకే, అంటే ఇక్కడోళ్ళకే, అని 1952ల ముల్కీ గొడవ మొదలైంది మన వరంగల్లనే. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటే ఎదురుంగ ఉన్నోళ్ళల్ల చానమంది తెలుగోళ్ళే. నిజాంసాగర్ నీళ్ళొచ్చినంక కోస్తా నుంచి రైతులు దిగిన ఊర్లను బోధన్, వర్ని దిక్కు ఇప్పటికీ ‘క్యాంపు’ అంటరు. మునిమనుమలు పుట్టినా క్యాంపే.

మా నాయిన ముచ్చట చెప్త. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పని దొరకక ముంబయి పక్క భీవండికి మగ్గాల పనికి వోయిండు, అక్కడ మన తెలుగోళ్ళుండే పద్మానగర్ల ఉండె. 1984 మే నెలల అక్కడ అల్లర్లయినయి. మూడు వారాలకు ఇల్లు చేరిండు. నేను అప్పటికే రచయితననుకుంటున్న. నోటుబుక్కు పట్టుకొని ‘అక్కడ హిందూ ముస్లిం సంబంధాలు ఎట్లుండె నాయినా’ అని అడిగిన. చానసేపు బీడీ తాగి, ‘పక్క సాంచా సాయబుకు నలబై రూపాలు బాకీ ఉన్న. ఆయన ఏడికి వోయిండో ఏమో, ఎట్ల కట్టాలె’ అన్నడు. అంతే. నేను రాసుకోలే. ఆ సాయబు పేరేందో గూడ అడగలే. ఇప్పుడు అడుగుదామంటే నాయిన లేడు.

పదేండ్లకు దాన్ని కథ రాసి ఒక వారపత్రికకు పంపిన. ఎడిటర్ ‘నాయిన’ను ‘నాన్నగారు’ చేసిండు, ‘వోయిండు’ను ‘వెళ్ళారు’ చేసిండు, ‘సాంచా’ను ‘మరమగ్గం’ చేసిండు. అచ్చయినంక నాయినకు చదివి వినిపిస్తే ‘ఈయనెవరు?’ అన్నడు. ఆ ఎడిటర్ కత్తెర ఇప్పుడు మీ గైడ్ల చేతులకొచ్చినట్టున్నది. లేకుంటే ‘నాయిన’ అని చిట్టి రాసే పిల్ల ‘నెలకొని ఉన్నాయి’ అని ఎందుకు రాస్తది?

సాంపిల్ ఎందరుండాలె, ఫుట్‌నోట్లు కిందనా ఎనకనా అనడిగినవు. అవి నాకు తెల్వయి.

ఇంకొకటి. 54వ పేజీల, అనుబంధంల, చిన్న అక్షరాలల్ల దాచిపెట్టినవు: బట్టీ కాడ ఎనిమిదేండ్ల పిల్ల పచ్చి ఇటుకలు తిప్పుకుంట పది దాకా ఒడియాల లెక్కవెట్టి, పదకొండు నుంచి తెలుగుల లెక్కవెట్టిందని. పది ఇంటి కాడిది, పదకొండు మన కాడిది. దాన్ని తెచ్చి మొదటి పేజీల పెట్టు. గైడ్ అడిగితే నేనే చెప్పిన అని చెప్పు.

నాయిన శుక్రవారం ఫోన్ చేస్తడు గదా. పైసల ముచ్చట, పానం ముచ్చట అయినంక అడుగు, అక్కడ పేరు పెట్టి పిలుస్తరా, ఉత్త ‘హిందీ’ అంటరా అని. అరబ్బీల లెక్కవెట్టుడు ఎందాక వచ్చునో గూడ అడుగు. ఆయన ఎట్లంటే అట్లనే రాసి పంపు. చుక్కల మందు ఇంకో సీసా తెప్పించుకున్న.