నిబంధన మీద వాక్యం చెప్పబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. విజయవాడలో మీ సంఘం యూత్ మీటింగ్‌లో నిబంధన గురించి, అంటే దేవుడు మనుషులకు మాటిచ్చి చేసుకున్న ఒడంబడిక గురించి చెప్పమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని ఫోన్‌లో అన్నావు. నోవహు దగ్గర్నుంచి దావీదు దాకా పట్టీ వేసుకుని ఒక్కోదానికి రెండు నిమిషాలు చెప్పే పద్ధతి వద్దు తల్లీ. విన్నవాళ్లకు ఏదీ మిగలదు. ఆదికాండము 15వ అధ్యాయం ముందేసుకుని కూర్చో.

నెమ్మదిగా, పైకి చదువు. అబ్రాము దేవుణ్ణి నమ్మాడని 6వ వచనంలో ఉంది. 8వ వచనానికల్లా, ఇస్తానన్న ఈ దేశం నాదవుతుందని నాకెలా తెలుస్తుందని అడుగుతున్నాడు. దేవుడు కోప్పడలేదు. పెయ్యను, మేకను, పొట్టేలును, గువ్వను, పావురపు పిల్లను తెమ్మన్నాడు. అబ్రాము పశువులను నడిమికి ఖండించి ఎదురెదురుగా పెట్టాడు. గద్దలు వాలితే తోలాడు. నేనెప్పుడు చదివినా ఇక్కడ ఆగిపోతాను. పొద్దు వాలుతోంది, మాటిచ్చినవాడి జాడ లేదు, ఆ పెద్దాయన కళేబరాల మీద వాలే పక్షుల్ని తోలుకుంటున్నాడు. ప్రార్థనకు జవాబు రాని రోజుల్లో మనం చేయగలిగిందీ ఇంచుమించు అంతే.

ఆ ఖండాల మధ్య నడవడమంటే ఏమిటో యిర్మీయా 34:18 దగ్గర తెలుస్తుంది. మాట తప్పితే ఈ దూడకు పట్టిన గతే నాకూ పట్టాలని ఒప్పుకోవడం. పొలం రిజిస్ట్రేషనుకు వెళ్తే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ రావాలి కదా. ఇక్కడ అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు. పొగ లేచే పొయ్యి, అగ్నిజ్వాల మాత్రం ఆ మధ్య నుంచి దాటిపోయాయి. నడిచింది దేవుడొక్కడే. ఇంకేం వదిలేసినా ఈ సంగతి వదలొద్దు.

అయితే మనం చేయాల్సిందేమీ లేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగనీ. నిర్గమకాండము 20 తీయించు. ఐగుప్తు నుంచి మిమ్మల్ని బయటికి తెచ్చింది నేనేనని చెప్పాకే మొదటి ఆజ్ఞ వస్తుంది. 24లో జనం అన్నీ చేస్తామన్నారు, 32కల్లా బంగారు దూడ పోశారు. అయినా 34లో దేవుడు మోషేను మళ్లీ ఆజ్ఞల పలకలు చెక్కుకు రమ్మన్నాడు.

ఇంకో మాట. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకొచ్చిన వాగ్దానం కార్డు బీరువా అద్దానికి అంటించుకున్నావు, మీకు మేలైన భవిష్యత్తు ఇస్తానన్న యిర్మీయా 29:11. దాని పై వచనం కూడా చదువు. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాక అని ఉంటుంది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపోయినవాళ్లకు రాసిన ఉత్తరమమ్మా అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్న తర్వాతే ఆ మాట. విన్న పెద్దల్లో చాలామంది యెరూషలేము మళ్లీ చూసి ఉండరు, ఆ వాగ్దానం వాళ్ల మనవలకు అందింది. మన గుంటూరునే చూడు. మిషనరీ హయ్యర్ అయ్యగారు 1842లో ఇక్కడికి వచ్చారు, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడేనాటికి ఆయన లేరు. అలాంటి వచనాన్ని ఉద్యోగానికీ వీసాకీ పూచీకత్తుగా చెప్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అనుకున్నది జరక్కపోతే పిల్లలు తమ విశ్వాసమే చాల్లేదని కుమిలిపోతారు. వాళ్లకు 89వ కీర్తన చూపించు. దావీదుతో దేవుడు చేసిన నిబంధనను పొగిడిన నోటితోనే ఆ కీర్తనకారుడు, 39వ వచనంలో, దాన్ని నువ్వే కొట్టేశావని దేవుణ్ణి నిలదీస్తాడు. అంత మాటా ప్రార్థనగానే గ్రంథంలో నిలిచింది.

చివర్లో కొత్త నిబంధన చేస్తానన్న యిర్మీయా 31:31-34, ఈ గిన్నె ఆ కొత్త నిబంధన అని యేసు చెప్పిన లూకా 22:20 వరసగా ఎవరిచేతనైనా చదివించు. నువ్వు ఎక్కువ వివరించకు. ఆ బల్ల దగ్గర ఒకడు అప్పటికే యేసును అప్పగించడానికి ఒప్పుకుని వచ్చాడు, ఇంకొకడు కోడి కూయకముందే ఎరగనని బొంకబోతున్నాడు. గిన్నె వాళ్లకే ఇచ్చాడు. అది చెప్పి కూర్చో. సమయం మిగిలితే మిగలనీ, సాక్ష్యాలకు వదిలెయ్యి.

మీ పెద్దమ్మ