ధర తప్పు పడితే ఆ వస్తువు మనదేనా?

హనుమకొండ నుంచి బ్రిటన్‌లోని లెస్టర్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వెయ్యి పౌండ్ల ల్యాప్‌టాప్ ఒక వెబ్‌సైటులో 100 పౌండ్లకు కనిపించింది. ఆర్డరు పెట్టాడు. ‘మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు’ అని ఈమెయిలు వచ్చింది. బ్యాంకు యాప్‌లో ఆ 100 పౌండ్లు పెండింగ్ అని కనిపిస్తున్నాయి. మర్నాడు ఇంకో ఈమెయిలు: ధర పొరపాటున పడింది, ఆర్డరు రద్దు చేస్తున్నాం. ఇంటి దగ్గర నాన్నగారు ‘రాసిన ధరకు ఇవ్వాల్సిందే, కేసు వెయ్యి’ అంటున్నారట. వేయాలా?

వద్దు తమ్ముడూ. డబ్బు వెనక్కి రప్పించుకో, అంతవరకే. కారణం వివరంగా చెబుతాను. కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చే పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు, దీని మీద ఆశ పెట్టుకుని నిద్ర పాడు చేసుకుంటారు.

నాన్నగారి నమ్మకం మన ఎమ్మార్పీ నుంచి వచ్చింది. ప్యాకెట్ మీద ముద్రించిన ధరకన్నా రూపాయి ఎక్కువ అడిగినా మన దగ్గర నిలదీయవచ్చు. కానీ అది గరిష్ఠ ధర మాత్రమే, ఆ ధరకు అమ్మి తీరాలన్న హామీ కాదు. బ్రిటన్‌లో అయితే ఎమ్మార్పీ అనేదే లేదు. ఇక్కడ చట్టం దృష్టిలో దుకాణంలో అర మీద అంటించిన ధర చీటీ ‘రండి, చూసి అడగండి’ అన్న పిలుపే. 1953లో తేలిన ఒక కేసు దీనికి ఆధారం. మందుల దుకాణాల సంస్థ బూట్స్, ఎడ్జ్‌వేర్‌లోని దుకాణంలో కొనేవాళ్లే సరుకు తీసుకుని బుట్టలో వేసుకునే పద్ధతి పెట్టింది. కొన్ని మందులను ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలని అప్పటి చట్టం. సీసా బుట్టలో పడ్డప్పుడే అమ్మకం జరిగిపోయింది, అక్కడ ఫార్మసిస్టు లేడు కదా అని ఫార్మసిస్టుల సంఘం కోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. బుట్టలో వేసుకోగానే కొన్నట్టయితే, మనసు మారి దాన్ని తిరిగి అరలో పెట్టే వీలే ఉండదు కదా! కౌంటరు దగ్గర కొనేవాడు ఇమ్మని అడుగుతాడు, అవతలివాళ్లు సరే అన్నప్పుడే బేరం కుదురుతుంది.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతుకు ఇది తెలిసిన సంగతే. పొద్దున జెండా పాటలో, అంటే మొదటి వేలంలో, పలికిన ధర ఊరంతా తెలుస్తుంది. అయినా తన బస్తాలు చూసి వ్యాపారి పాడి, తాను సరేనన్న ధరే తనది. నాన్నగారికి ఇలా చెప్పు, వెంటనే అర్థమవుతుంది.

ఇక ఆన్‌లైన్‌లో ఆ ‘సరే’ ఎప్పుడు అన్నట్టు? అసలు తగాదా అంతా ఇక్కడే ఉంది. 2002లో కోడక్ బ్రిటన్ వెబ్‌సైటులో 329 పౌండ్ల కెమెరా ధర 100 పౌండ్లుగా పడింది. ఆర్డర్లు రద్దు చేస్తామని మొదట కంపెనీ అంది. మీరు పంపిన ఈమెయిలుతోనే ఒప్పందం ఖాయమైందని కొన్నవాళ్లు గట్టిగా పట్టుబట్టారు, చివరికి ఆ ధరకే ఇచ్చింది. ఇప్పుడు చాలా దుకాణాలు జాగ్రత్తపడి, సరుకు పంపించాకే ఒప్పందం కుదిరినట్టు అని తమ షరతుల్లో రాసుకుంటున్నాయి. అందుకే నీకు వచ్చిన మొదటి ఈమెయిలు మళ్లీ చదువు. ‘అందింది’ అని ఉంటే అది రసీదు. ‘అంగీకరించాం’ అనో ‘పంపించాం’ అనో ఉంటే నీ చేతిలో కొంత బలం ఉంది.

అప్పుడు కూడా పూర్తి బలం కాదు. ధర తప్పని చూడగానే తెలిసిపోయేలా ఉండి, తెలిసే కొన్నావంటే ఒప్పందం నిలవదు. సింగపూర్‌లో 2003లో 3,854 డాలర్ల ప్రింటర్ 66 డాలర్లకు పడింది. ఆరుగురు స్నేహితులు తెల్లవారేలోగా ఒకరికొకరు చెప్పుకుని 1,606 ప్రింటర్లు ఆర్డరు పెట్టారు. ధర తప్పని తెలియదని కోర్టులో వాదించారు. అసలు ధర ఎంతో ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికిన సంగతి బయటపడింది. 2004లో ఓడిపోయారు, 2005లో అప్పీలులోనూ ఓడిపోయారు. ఆ తీర్పు న్యాయమైనదేనని నేను నమ్ముతాను. ఎవరో ఉద్యోగి అలసటలో ఒక సున్నా మరిచిపోతే, దాని మీద లాభం గుంజుకోవడం మనకు తగదు. నీకు అవసరమైన ఒక్కటి ఆర్డరు పెట్టి చూడటంలో దోషం లేదు. అమ్ముకుందామని పది మాత్రం పెట్టకు. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు, చదువుకే ముప్పు.

కానీ తగ్గకూడని చోట తగ్గవద్దు. అరలో 3 పౌండ్లు అని ఉండి బిల్లులో 5 పడిందా, మొహమాటపడకుండా అడుగు. కొత్తగా వచ్చిన పిల్లలు ఇంగ్లిషు యాసకు జంకి, వెనక వరుసలో ఉన్నవాళ్లను చూసి నోరు మూసుకుని కట్టేస్తారు. డబ్బు కట్టకముందే చెబితే ఆ వస్తువు అక్కడే వదిలేసి రావచ్చు. తరువాత గమనిస్తే చీటీ ఫోటో తీసుకుని తేడా అడుగు. తక్కువ ధర ఆశ చూపి జనాన్ని రప్పించి, ఇంకేదో అంటగట్టడం ఇక్కడ నేరం. అలాంటిది కనిపిస్తే సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ఆస్ట్రేలియాలో ఒకే వస్తువుకు రెండు ధరలు కనిపిస్తే తక్కువదానికే ఇవ్వాలి, లేదా సరిచేసేదాకా అమ్మకం ఆపాలి. అమెరికాలోని మిషిగన్‌లో స్కానర్ ఎక్కువ ధర కొడితే ఆ తేడాతో పాటు, తేడాకు పది రెట్లు కూడా అడగవచ్చు, కనీసం 1 డాలరు, అత్యధికంగా 5 డాలర్లు.

అమెరికాలో ఉన్న నీ స్నేహితులకు ఒకటి చెప్పు. హైదరాబాద్‌కు విమానం టికెట్టు నమ్మలేనంత చౌకగా దొరికితే, వెంటనే మిగతా ఏర్పాట్లకు డబ్బు పోయవద్దు. పొరపాటు ధర అని నిరూపించుకోగలిగితే విమాన సంస్థ దాన్ని రద్దు చేయవచ్చని అక్కడి రవాణా శాఖ 2015లోనే చెప్పింది. అయితే టికెట్టు డబ్బుతో పాటు, ఆ టికెట్టును నమ్మి పెట్టిన, వెనక్కి రాని సమంజసమైన ఖర్చులనూ సంస్థే భరించాలి. హోటల్, వీసా, కలిపి కొన్న ఇంకో టికెట్టు, ఏదైనా సరే, రసీదులు దాచుకోమను.