బొగ్గు ప్లాంట్లు మూతపడుతుంటే థర్మల్ పవర్ చదవొచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. బాయిలర్లు, టర్బైన్లంటే ఇష్టం. కానీ కర్బన ఉద్గారాల వల్ల బొగ్గు ప్లాంట్లన్నీ మూసేస్తారని, సోలార్ వైపు మారిపొమ్మని ఫ్రెండ్స్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఫ్రెండ్స్ మాటల్లో సగం నిజం. బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ 2024 సెప్టెంబరు 30న మూతపడింది. 1882లోనే లండన్‌లో బొగ్గుతో కరెంటు తీసిన దేశమది! అయినా ప్రపంచంలో తయారయ్యే విద్యుత్తులో మూడో వంతు దాకా ఇప్పటికీ బొగ్గుదే. ఆ ప్లాంట్లని నడిపేవాళ్లు, పొగ తగ్గించేవాళ్లు, పద్ధతిగా మూసేవాళ్లు కూడా కావాలి కదా.

ఒక చిన్న లెక్క చూడండి. బొగ్గు ప్లాంటు ఒక యూనిట్ కరెంటుకి సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే 500 మెగావాట్ల ప్లాంటు పూర్తి లోడ్‌లో గంటకి 5 లక్షల యూనిట్లు ఇస్తూ 500 టన్నులు వదులుతుంది. దాని సామర్థ్యం, అంటే బొగ్గు వేడిలో కరెంటుగా మారే వంతు, 35 శాతం నుంచి 36కి పెరిగితే, అదే కరెంటుకి గంటకి దాదాపు 14 టన్నులు తగ్గుతుంది. ఆ ఒక్క శాతం ఎక్కడ దొరుకుతుంది? ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్ ట్యూబుల్లో పేరుకున్న పాచిలో, బాయిలర్‌కి వెళ్లే అదనపు గాలిలో, టర్బైన్ సీళ్ల దగ్గర కారే ఆవిరిలో. మీకు ఇష్టమైన సబ్జెక్టు ఇదే.

ఇంకో పని ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలంగా వస్తే థర్మల్ ప్లాంటు లోడ్ తగ్గించుకోవాలి, సాయంత్రం గబగబా పెంచాలి. పాత ప్లాంట్లను నిలకడగా నడపడానికే కట్టారు. ఇలా రోజూ వేడెక్కి చల్లారితే మందపాటి లోహ భాగాలు పగుళ్లిస్తాయి. అది తెలిసినవాళ్లకి సోలార్ పెరిగేకొద్దీ గిరాకీయే.

కార్బన్ క్యాప్చర్ సంగతి కాస్త జాగ్రత్తగా చెప్తాను. ఇందులో అమైన్ అనే రసాయన ద్రావణం పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది. దాన్ని మళ్లీ విడదీయడానికి 120 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడికి కావాల్సిన ఆవిరిని టర్బైన్ నుంచే తీస్తారు కాబట్టి కరెంటు తగ్గుతుంది. కెనడాలోని బౌండరీ డ్యామ్‌లో 2014లోనే మొదలైనా, బొగ్గు ప్లాంట్లలో ఇది పెద్దగా పాకలేదు. మొత్తం కెరీర్ దీని మీదే పెట్టుకోకండి. నేర్చుకుంటే మాత్రం సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికొస్తుంది. అక్కడ కాల్చే సున్నపురాయే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఇంధనం మార్చినంత మాత్రాన అది ఆగదు.

బ్రాంచి మారొద్దు. సోలార్ ప్యానెళ్ల రంగంలో ఎలక్ట్రికల్ వాళ్లకే ఎక్కువ పని. అణు విద్యుత్తు, భూతాప విద్యుత్తు, అద్దాలతో ఎండని ఒడిసిపట్టే సోలార్ థర్మల్ కూడా చాలావరకు ఆవిరి టర్బైన్లతోనే నడుస్తాయి. థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా చదవండి, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఉద్గారాల లెక్కలు అదనంగా నేర్చుకోండి. చివరి ఏడాది ప్రాజెక్టుకి మీ కాలేజీ బాయిలరో, దగ్గర్లోని ఏదైనా ఫ్యాక్టరీ బాయిలరో తీసుకుని, చిమ్నీలో ఎంత వేడి వృథా అవుతుందో స్వయంగా కొలవండి. ఇంటర్వ్యూలో ఆ రీడింగుల కాగితం బయటికి తీస్తే తర్వాతి ప్రశ్నలన్నీ దాని మీదే వస్తాయి.