ఉద్యోగం, పీఎఫ్ రెండూ ఒకేసారి పరిచర్యకు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వయసు 46, సర్వీసు 19 ఏళ్ళు, జీతం 24 వేలు. మా వారు స్కూలు బస్సు నడుపుతారు, 14 వేలు వస్తాయి. అమ్మాయి బీఎస్సీ నర్సింగు రెండో ఏడు పూర్తి చేసింది. ఇంటి లోను వాయిదా 7,200, ఇంకా నాలుగేళ్ళు కట్టాలి. అన్నీ కలిపి నెలకు 33 వేలు ఖర్చు. పీఎఫ్‌లో ఎనిమిదిన్నర లక్షలు, బ్యాంకులో 3 లక్షలు ఉన్నాయి. మా చర్చి సంఘం వాళ్ళు ఉద్దానంలో కిడ్నీ రోగుల మధ్య పరిచర్య చేస్తున్నారు. ఉద్యోగం మానేసి వాళ్ళతో వెళ్ళాలని, పీఎఫ్ నుంచి 6 లక్షలు వాళ్ళు కొనే వ్యానుకి ఇవ్వాలని ప్రార్థించి తీర్మానించుకున్నాను. టీమ్ నెలకు 6 వేలు ఇస్తానంది. అమెరికాలో ఉన్న తెలిసినవాళ్ళు పని కోసం నా అకౌంటుకే డబ్బు పంపుతామంటున్నారు. మా వారికి మాత్రం భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ వారి భయాన్ని అవిశ్వాసం కింద కట్టేయకండి. లెక్క ఆయన వైపే ఉంది.

మీ తీర్మానంలో నేను తలదూర్చను. కానీ జీతం, పీఎఫ్ రెండూ ఒకే ఏడాది వదులుకోవద్దు. నన్నడిగితే మీరు ఇవ్వాల్సింది మీ చేతిపని. కవిటిలోనో సోంపేటలోనో డయాలసిస్ చేయించుకొచ్చిన మనిషి ఇంటికెళ్ళి, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదనీ ఆ చేత్తో బరువులెత్తకూడదనీ ఇంట్లోవాళ్ళకి చెప్పడం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి ఎప్పుడు పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపాలో తేల్చడం... ఇవి అందరూ చేయలేరు. వ్యాను అద్దెకైనా దొరుకుతుంది.

సోంపేట కంటి ఆసుపత్రి సంగతి వినే ఉంటారు. అక్కడ పనిచేసిన కెనడా డాక్టరు బెన్ గలిసన్ 1963లో కాల్గరీలో తన పని గురించి చెబితే, ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి పూనుకున్నారు; ఆపరేషన్ ఐసైట్ సంస్థ అలా పుట్టింది. వైద్యం చేసేవారు చేశారు, డబ్బు కూర్చే బరువు వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. మీ వ్యాను బరువు కూడా సంఘమంతా మొయ్యాలి.

ఇక ఇంటి లెక్క. మీరు మానేస్తే 14 వేలు, ఆ 6 వేలు కలిపి 20 వేలు. నెలకు 13 వేలు లోటు, ఏడాదికి లక్షా 56 వేలు. బ్యాంకులో ఉన్న 3 లక్షలు రెండేళ్ళు కూడా రావు. అమ్మాయి చదువు ముగిసేలోపే చేతులు ఖాళీ అవుతాయి. టీమ్ ఆరు వేలు ఆగిన నెల ఏం చేస్తారో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

నా సలహా: ఈ రెండేళ్ళూ ఆసుపత్రిలో సగం డ్యూటీ అడగండి. నర్సులు దొరక్క అవస్థ పడుతున్న యాజమాన్యాలు ఒప్పుకోవచ్చు. 12 వేలు మీవి, 14 వేలు మీ వారివి, సగం రోజులకు టీమ్ ఇచ్చే 3 వేలు. లోటు 4 వేలకు దిగుతుంది, దాన్ని పొదుపు తట్టుకుంటుంది. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు కదా. అమ్మాయి ఉద్యోగంలో చేరాక పూర్తికాలం వెళ్ళండి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. ఉద్యోగం మానినా తీసేయాలని రూలు లేదు, 58 వరకు వడ్డీ పడుతుంది. 2024-25కి ఇచ్చిన 8.25 శాతమే కొనసాగిందనుకుంటే ఈ ఎనిమిదిన్నర లక్షలు పన్నెండేళ్ళలో సుమారు 22 లక్షలవుతాయి. ఇవాళ మీరిచ్చే 6 లక్షలు అప్పటికి పదిహేనున్నర లక్షలు. సర్వీసు పదేళ్ళు దాటింది కాబట్టి 58కి పింఛను వస్తుంది, కానీ మీ జీతానికి మూడు వేల చిల్లర కంటే ఎక్కువ ఆశించొద్దు. వృద్ధాప్యంలో మిమ్మల్ని మోసేది ఆ పీఎఫే.

ఏటా 436 రూపాయల జీవనజ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా (ప్రమాద బీమా) ఈ వారమే బ్యాంకులో కట్టేయండి. జీవనజ్యోతిలో కొత్తగా చేరడానికి 50 ఏళ్ళు దాటకూడదు.

విరాళాలకిచ్చే 80జీ పన్ను మినహాయింపు గురించి ఎవరైనా చెబితే వదిలేయండి. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు మీకు పన్నే లేదు.

అమెరికా డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, మనవాళ్ళే అయినా, పరిచర్యకని పంపితే విదేశీ విరాళమే. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఢిల్లీ ఎస్‌బీఐలోని ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. మీ సొంత అకౌంటు నంబరు ఇస్తే రేపు సమాధానం చెప్పాల్సింది మీరే, పాస్టరు గారు కాదు.

వ్యానుకి ఏదైనా ఇవ్వాలనిపిస్తే మీ పొదుపులోంచి పాతికవేలు ఇవ్వండి. అదీ చెక్కుగా, సంఘం సొసైటీ పేరున. బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉంటుందో, డీజిలు, బీమా ఎవరు కడతారో ముందు కాగితం మీద రాయించుకోండి.