పిల్లల పేగు జబ్బుల మీద తొలి ట్రయల్ మొదలుపెడుతున్న నీకు

అమ్మా,

నీ ప్రోటోకాల్, అంటే ట్రయల్ ఎలా చేస్తావో రాసిన ప్రణాళిక, మొత్తం చదివాను. పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక క్రోన్స్ జబ్బు ఉన్న పిల్లల కోసమే ఒక ట్రయల్ చేయాలన్న నీ పట్టుదల చూస్తే చాలా సంతోషంగా ఉంది. ఈ జబ్బుకు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు సంగతే చూడు. పెద్దవాళ్ల క్రోన్స్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది, పిల్లలకు మాత్రం 2006 దాకా రాలేదు. ఆ ఎనిమిదేళ్లలో అవసరం పడిన పిల్లలకు డాక్టర్లు పెద్దల లెక్కలనే ఆధారం చేసుకుని ఆ మందు ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఎదురుచూపు తగ్గాలంటే నీలాంటివాళ్లు పూనుకోవాలి. కాబట్టి కింద రాసేది నిన్ను వెనక్కి లాగడానికి కాదు.

నీ ప్రోటోకాల్‌లో నాకు కనిపించిన పెద్ద లోటు ఒకటే. పెద్దవాళ్ల ట్రయల్ ఒకటి ముందు పెట్టుకుని వయసు, డోసు మార్చినట్టుంది. నలభై ఏళ్ల మనిషి ట్రయల్ మొదట్లో ఎంత ఎత్తున్నాడో చివర్లోనూ అంతే ఉంటాడు. పిల్లలు అలా కాదు. నువ్వు మందు ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్లు మారుతూనే ఉంటారు. ఈ విషయం నీ డిజైన్‌లో ప్రతి పేజీలోనూ కనిపించాలి.

మొదట కంట్రోల్ గ్రూప్ సంగతి, అంటే పోల్చి చూడటానికి కొత్త మందు ఇవ్వకుండా ఉంచే గుంపు. పాలు తాగేటప్పుడు విపరీతంగా ఏడ్చే పసిబిడ్డలకు యాసిడ్ తగ్గించే మందు పనిచేస్తుందని చాలామంది డాక్టర్లు గట్టిగా నమ్మేవాళ్లు. మందు వేశాక ఏడుపు తగ్గడం కళ్లారా చూశారు కదా మరి! 2009లో అలాంటి మందుల్లో ఒకటైన లాన్సొప్రజోల్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 162 మంది పసివాళ్లు. మందు వాడినవాళ్లలో 54 శాతం మందికి నయమనిపించింది, ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు, వాడినవాళ్లలోనూ సరిగ్గా 54 శాతమే. పైగా తీవ్రమైన ఇబ్బందులు, ముఖ్యంగా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, మందు వాడినవాళ్లలోనే ఎక్కువ. కంట్రోల్ గ్రూప్ లేకపోతే ఆ మందుకే పేరొచ్చేది. క్రోన్స్ అంత సులువుగా తగ్గే జబ్బు కాదు, నిజమే. కానీ అదీ కొన్నాళ్లు ఎగసిపడి కొన్నాళ్లు సద్దుమణుగుతుంది. పిల్లల్ని ట్రయల్‌లో చేర్చేది సాధారణంగా ఎగసిపడిన సమయంలోనే. ఆ తర్వాత కాస్త తగ్గడం ఎలాగూ ఉంటుంది.

అయితే ఉధృతంగా ఉన్న బిడ్డను వారాల తరబడి ప్లాసిబో మీద ఉంచమని నేను అనను, ఏ ఎథిక్స్ కమిటీ కూడా అనకూడదు. నువ్వు పోల్చడానికి స్టెరాయిడ్‌ను ఎంచుకున్నావు. దాన్ని మరోసారి ఆలోచించు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి ఆపేసి పూర్తిగా పోషక ద్రవం మీదే ఉంచే పద్ధతితో పిల్లల క్రోన్స్ స్టెరాయిడ్‌తో సమానంగా అదుపులోకి వస్తుంది. పేగు పొర కూడా బాగా మానుతుంది. స్టెరాయిడ్ మాత్రం ఎదుగుదలను వెనక్కి నెడుతుంది. కాకపోతే ద్రవం మీద ఉన్న బిడ్డ ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకని జబ్బు తీవ్రతకు స్కోరు వేసే డాక్టర్‌కు, స్లైడ్లు చూసే పాథాలజిస్ట్‌కు ఏ బిడ్డ ఏ గ్రూపో తెలియకుండా చూసుకో. ఇంకోటి, అన్నేసి వారాలు తిండి ముట్టకుండా ఉండటం పిల్లలకు చాలా కష్టం. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయొద్దు. ఎందుకు మానేశారన్నది కూడా నీ ఫలితమే.

ఇప్పుడు ఎత్తు. దీని గురించే ఎక్కువ రాయాలనుంది. 1991లో పిల్లల క్రోన్స్ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పీసీడీఏఐ స్కోరు తయారు చేసినప్పుడు దాంట్లో ఎత్తును కూడా చేర్చారు. తర్వాత ఒక్కో అంశానికి ప్రాముఖ్యాన్ని బట్టి మార్కులు మార్చి తెచ్చిన వెయిటెడ్ రూపంలో దాన్ని తీసేశారు, కొన్ని వారాల్లో ఎత్తులో తేడా కనిపించదు గనుక. నువ్వు వాడుతున్నది ఆ రెండోదే. పన్నెండు వారాల ట్రయల్‌కు అది సరైన ఎంపికే. కానీ దానివల్ల నీ ట్రయల్‌లో ఎదుగుదల అన్న మాటే లేకుండా పోయింది. పన్నెండేళ్ల పిల్లాడికి కడుపునొప్పి తగ్గి, క్లాసులో అందరికంటే పొట్టిగానే మిగిలిపోతే వాడికి జబ్బు తగ్గిందనుకుంటావా? ఎముకలు ఎదిగే వయసు దాటిపోతే ఆ ఎత్తు మళ్లీ రాదు. అందుకే ట్రయల్ ముగిశాక కనీసం ఏడాది పాటు వాళ్లను చూస్తూ ఉండు. ఎదుగుదల వేగం లెక్కకట్టాలంటే రెండు కొలతల మధ్య ఆరునెలలైనా ఉండాలి. గోడకు బిగించిన స్టేడియోమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) మీద, చెప్పులు విప్పించి, ప్రతిసారీ ఒకే మనిషి చేత కొలిపించు. యౌవన దశ ఎంతవరకు వచ్చిందో కూడా రాయి. లేకపోతే వయసుతో వచ్చిన పొడుగును నీ మందు ఖాతాలో వేసేస్తావు.

అంతకాలం చూడటం ఎక్కువనిపిస్తే, గోధుమకూ సీలియాక్ జబ్బుకూ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్న సంబంధాన్ని తేల్చిన డచ్ పిల్లల డాక్టర్ విల్లెమ్ డికె పనిని తీరిగ్గా చదువుకో. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్క జనం అల్లాడితే ఆ జబ్బున్న పిల్లలు కోలుకున్నారన్న కథే అందరూ చెప్పుకుంటారు. కానీ ఆయనకు గోధుమ మీద అనుమానం యుద్ధానికి ముందు నుంచే ఉంది. పిల్లలకు గోధుమ తీసేసి, మళ్లీ పెట్టి, ఏం జరుగుతోందో ఓపికగా ఏళ్ల తరబడి చూశాడు. 1950లో థీసిస్ ఇచ్చాడు. తోటివాళ్లతో కలిసి మలంలో కొవ్వు ఎంత పోతోందో కొలిపించాడు. నేను మెచ్చుకునేది ఆ ఓపికను.

పరీక్షలకు ఎప్పుడు ఎంత రక్తం తీస్తావో రాసిన నీ పట్టిక నాకు నచ్చలేదు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం తీసే రక్తం ఒక్కసారికి ఒంట్లోని మొత్తం రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటకూడదు. కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున 15 కిలోల బిడ్డకు మొత్తం 1200 మిల్లీలీటర్లు, అంటే ఒక్కసారికి 12కు మించి తీయకూడదు. ఈ పిల్లల్లో చాలామందికి ముందే రక్తహీనత ఉంటుంది, కాబట్టి అంతకంటే తక్కువతో సరిపెట్టుకో. కేవలం పరిశోధన కోసం అదనంగా ఎండోస్కోపీ (గొట్టం పంపి పేగు లోపల చూడటం) వద్దు. వైద్యానికి ఎలాగూ చేసేటప్పుడే పరీక్షకు పేగు పొర ముక్కలు ఒకట్రెండు ఎక్కువ తీసుకోవచ్చు, అదీ ముందే అడిగి. పేగులో వాపును పట్టిచ్చే ప్రొటీన్ కాల్‌ప్రొటెక్టిన్‌కు మలంలో చేసే పరీక్ష మంచిదే. కాకపోతే ఏ జబ్బూ లేని పసిబిడ్డల్లో కూడా అది ఎక్కువగా ఉంటుంది. నాలుగేళ్లలోపు పిల్లల్ని చేర్చుకుంటే పెద్దవాళ్ల కటాఫ్ (ఇంత దాటితే జబ్బు అనే హద్దు) వాడొద్దు.

పిల్లల్ని నేరుగా అడగడం నేర్చుకో. రెండు వారాల కిందటి నొప్పి ఎలా ఉందంటే ఆరేళ్ల పాప చెప్పలేదు, ఈ రోజు ఎలా ఉందంటే బొమ్మల ముఖాల్లో ఒకటి చూపిస్తుంది. పద్నాలుగేళ్ల అబ్బాయి రాత్రిళ్లు ఎన్నిసార్లు లేచాడో, రక్తం పడిందో లేదో అమ్మానాన్నల ముందు చెప్పడు. సిగ్గు. అమ్మానాన్నలను కాసేపు బయట కూర్చోబెట్టి వాణ్ని అడుగు. విజిట్ల తేదీలు స్కూల్ పరీక్షలు చూసుకుని వేయి. పరీక్షల టెన్షన్‌లో విజిట్ ఎగ్గొట్టిన పిల్లలు మళ్లీ రావడం కష్టం.

సమ్మతి పత్రం మీద అమ్మానాన్నల సంతకం పడితే పని అయిపోయిందనుకోకు. అర్థం చేసుకోగల బిడ్డ ఒప్పుకోలు కూడా కావాలి, వద్దంటే ఆ మాటను మన్నించాలి. మనుషుల మీద వైద్య పరిశోధనకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకీ ప్రకటన కూడా ఇదే చెబుతుంది. ఎనిమిదేళ్లప్పుడు సరేనన్న బిడ్డకు పదమూడు వచ్చేసరికి వేరే ప్రశ్నలు పుడతాయి. అప్పుడు మళ్లీ కూర్చోబెట్టి చెప్పు. మేజర్ అయ్యాక, దాచి ఉంచిన శాంపిల్స్‌తో సహా, తన సంతకమే తీసుకో. పిల్లల కోసం నువ్వు రాసిన కాగితం బాగా పెద్దదైంది. ఒక పేజీకి కుదించి, పదేళ్ల పిల్లల చేత పైకి చదివించి, ఎక్కడ ఆగిపోతారో చూసి దిద్దు.

చివరిగా, మందు పనిచేస్తున్న పిల్లలకు ట్రయల్ అయ్యాక ఆ మందు ఎవరిస్తారు? నీ ప్రోటోకాల్‌లో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మందు తయారుచేసేవాళ్లతో ఇప్పుడే మాట్లాడి, ఎన్నాళ్లు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకో. ఆ కాగితం చేతికొచ్చాకే మొదటి బిడ్డను చేర్చుకో. దిద్దిన ప్రోటోకాల్, రక్తం పట్టిక, పిల్లల పేజీ మూడూ కలిపి నాకు పంపు, కమిటీకి వెళ్లేముందు ఇంకోసారి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్